ఎస్‌ఎఫ్‌టీపీ యూజర్లు తమ ఫోల్డర్ దాటకుండా చేయడం: సమాధానం

అన్నా, తిరుపతి ఆఫీసులోని ఉబుంటు (లినక్స్) సర్వర్‌లో ఎస్‌ఎఫ్‌టీపీతో, అంటే నెట్‌వర్క్ మీద సురక్షితంగా ఫైళ్ళు పంపే పద్ధతితో, లాగిన్ అయ్యే స్టాఫ్ ఒకరి క్లయింట్ ఫైళ్ళు ఒకరు తెరుస్తున్నారని, చ్‌రూట్ (యూజర్‌ను ఒక ఫోల్డర్‌లోనే బంధించే సెట్టింగ్) పెడితే అసలు లాగిన్నే కావట్లేదని అడిగారు కదా. తప్పు ఓనర్‌షిప్‌లో ఉంది. చ్‌రూట్ ఫోల్డరూ, దానికి పైనున్న ప్రతి ఫోల్డరూ రూట్ (సర్వర్ అడ్మిన్ ఖాతా) పేరు మీదే ఉండాలి. గ్రూపుకు గానీ ఇతరులకు గానీ రైట్ పర్మిషన్ ఉండకూడదు. ఈ విషయంలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఈ లాగిన్లు నడిపే సాఫ్ట్‌వేర్) అస్సలు రాజీపడదు. మీరు చ్‌రూట్ ఫోల్డర్‌గా యూజర్ హోమ్ (యూజర్ సొంత ఫోల్డర్)నే ఇచ్చారు, అది యూజర్ పేరు మీద ఉంది.

దాన్ని రూట్‌కు మార్చి 755 పర్మిషన్ (రాసేది ఓనర్ ఒక్కరే, మిగతావాళ్ళు చూడగలరు) పెట్టండి. లోపల ఇంకో ఫోల్డర్ చేసి, అది మాత్రం యూజర్‌కు ఇచ్చి 700 (ఓనర్‌కు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు) పెట్టండి. అప్‌లోడ్‌లన్నీ అందులోకే. 777 (అందరికీ అన్ని హక్కులూ) పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వదిలేయండి, అది తాళం తీసి బయట పడేయడమే.

ఒక గ్రూపు యూజర్లకే వర్తించే సెట్టింగులుండే మ్యాచ్ గ్రూప్ బ్లాక్, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్ చివర్లో ఉండాలి, లేకపోతే కింది లైన్లు కూడా ఆ గ్రూపుకే పరిమితమైపోతాయి. ఆ బ్లాక్‌లో ఫోర్స్‌కమాండ్‌గా (లాగిన్ కాగానే తప్పనిసరిగా నడిచే కమాండ్) ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోనే ఉండే ఇంటర్నల్ ఎస్‌ఎఫ్‌టీపీనే ఇవ్వండి.

రీలోడ్ చేసే ముందు కాన్ఫిగ్ టెస్ట్ చేయండి, ఇంకో సెషన్ తెరిచే ఉంచండి. మీరుండేది చిత్తూరులో, లాకౌట్ అయితే (మీరే లాగిన్ కాలేకపోతే) తిరుపతికి దాదాపు 70 కిలోమీటర్లు బస్సెక్కాలి, ఆ టెన్షన్ ఎందుకు?