గేటు ఎవరిది, స్టీరింగ్ ఎవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి మీద ఉన్నాయి: పెంపుడు కుక్క, కారు, మధ్యలో రోడ్డు. రాసినవాళ్లు ఒకరికొకరు ఏమీ కారు, కానీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకరి ప్రశ్నకి సగం జవాబు ఇంకొకరి ఉత్తరంలో కనబడింది. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ మూడే తీసుకున్నాను.

ప్రశ్న: మా కుక్కకి నాలుగేళ్లు. పోయిన నెల పార్సెల్ ఇచ్చిన కుర్రాడు గేటు గడియ పెట్టకుండా వెళ్లిపోయాడు, నేనూ చూసుకోలేదు. కుక్క బయటికి దూకింది, సరిగ్గా అప్పుడే వచ్చిన కారు గుద్దేసింది. వెనక కాలు విరిగి ఆపరేషన్ అయింది, ఇప్పుడు కుంటుతోంది. కారాయన ఆపాడు, దిగాడు, పాపం కంగారు పడ్డాడు కూడా. తీరా రెండో రోజు ఫోన్ చేసి బంపర్ పగిలింది, హెడ్‌లైట్ పోయింది, డబ్బులు మీరే ఇవ్వాలి అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆపరేషన్ బిల్లు ఆయనే కట్టాలని నేనంటే, మా ఆయన మాత్రం ‘గేటు మనది, కుక్క మనది, నోరు మూసుకుని ఊరుకో’ అంటున్నారు. తప్పు ఎవరిది?

జవాబు: మీ ఆయన మాటతీరు బాగోలేదు గానీ, అన్న మాటలో పెద్ద తప్పేమీ లేదు. మీకు నచ్చదని తెలిసే రాస్తున్నాను.

రోడ్డు మీద ఏం జరిగినా ‘గుద్దినవాడిదే తప్పు’ అనేస్తాం. పెద్ద బండి కాబట్టి, దెబ్బ తగిలింది అవతలివాళ్లకి కాబట్టి. కానీ అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మామూలు జాగ్రత్త తీసుకుని ఉంటే ఇది జరక్కుండా ఆపగలిగినవాళ్లు ఎవరు? కుక్కకి రోడ్డంటే ఏంటో తెలీదు, దాని తరఫున ఆ తెలివి మీరు పెట్టాలి. గడియ వేయనిది పార్సెల్ కుర్రాడే, నిజమే. కానీ మీ ఇంట్లో గేటు వైపు దూకే కుక్క ఉందని అతనికి తెలుసా? రోజుకి ఎన్నో గేట్లు తీసి మూసే మనిషి. ‘కుక్క ఉంది, గడియ వేయండి’ అని గేటు మీద రాసి ఉండి, అది చూసి కూడా వదిలేసి వెళ్తే అప్పుడు అతన్ని అడగొచ్చు. లేకపోతే ఆ గడియ బాధ్యత తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

ఇక కారాయన. ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం, చాలామంది లెక్క వేయకుండానే తిడతారు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు దూసుకుపోతుంది. కుక్క కనబడ్డాక కాలు బ్రేకు మీద పడటానికే ఆ సెకను పోతుంది, ఆ తర్వాత పొడి రోడ్డు మీద బండి పూర్తిగా ఆగడానికి ఇంకో 14 మీటర్లు వేసుకోండి. మొత్తం 28. అదే 30 వేగంలో అయితే అంతా కలిపి 13, 14 మీటర్లలో ఆగిపోతుంది. మీ కుక్క గేటులోంచి కారుకి ఎన్ని మీటర్ల ముందు దూకింది? అయిదో ఆరో మీటర్లయితే 30లో వచ్చినా ఆపలేడు, ఎంత మంచి డ్రైవరైనా సరే. అలా కాకుండా అది అప్పటికే రోడ్డు మధ్యలో నిలబడి ఉండి, ఆయన ఫోన్ చూసుకుంటూ వచ్చి గుద్దాడనుకోండి, లేదా ఇళ్ల మధ్య రోడ్డులో 60లో వచ్చాడనుకోండి, కథ మారిపోతుంది. గేటు తెరిచి ఉండటం మీ తప్పే అయినా ఆయన వాటా ఆయనకి ఉంటుంది. ఎదురింటి సీసీటీవీలోనో, ఆయన డ్యాష్‌క్యామ్‌లోనో ఆ పది సెకన్లు దొరికితే ఇద్దరూ కూర్చుని చూడండి. అలాంటి వీడియోలు ఎక్కువ రోజులు ఉండవు, పాతవి చెరిగిపోతుంటాయి, అందుకే ముందు ఆ పని చేయండి, పోట్లాట తర్వాత.

చట్టం ఏమంటుందని కూడా అడుగుతారు కదా. అన్ని దేశాల్లో ఒకలా లేదు. జర్మనీ సివిల్ కోడ్‌లో 833వ సెక్షన్ ప్రకారం సరదాకి పెంచుకునే జంతువు వల్ల ఎవరికైనా నష్టం జరిగితే యజమాని తప్పు ఉందా లేదా అని చూడరు, పెంచుకుంటున్నాడు కాబట్టి నష్టం కట్టాలి, అంతే. అయితే కారు రోడ్డెక్కడమే ఒక ప్రమాదం అని కారువాడికీ వాటా వేస్తారు. అక్కడే ఇంకో మంచి మాట కూడా ఉంది. జంతువులు వస్తువులు కావని 1990లో చట్టంలో రాసుకున్నారు, గాయపడిన జంతువు వైద్యానికి దాని ఖరీదు కన్నా చాలా ఎక్కువైందన్న ఒక్క కారణంతో ఆ ఖర్చుని కాదనడానికి లేదన్నారు. చాలా దేశాల్లో ఇంత దయ లేదు, కుక్కని యజమాని ఆస్తిగానే లెక్కేస్తారు. మన దేశంలో చూస్తే, పెంపుడు కుక్కని కారు గుద్దిన ఒక కేసుని 2022లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. నిర్లక్ష్యంగా బండి నడపడం మీద ఉన్న సెక్షన్లు మనుషులకి జరిగే ప్రమాదం గురించినవని, జంతువుని చంపిన నేరం నిలబడాలంటే కావాలని చేసి ఉండాలని చెప్పింది. అంటే పొరపాటున గుద్దినవాడిని జైలుకి పంపడం కష్టం. డబ్బు నష్టం సంగతి వేరు, అది సివిల్ గొడవ.

మరి మీరేం చేయాలి? ఆయన బంపర్ బిల్లు అడగ్గానే మీ ఆపరేషన్ బిల్లు విసిరి కొట్టకండి. ముందు ఆయన కారుకి కాంప్రహెన్సివ్ పాలసీ (సొంత బండికి జరిగిన నష్టాన్ని కూడా భరించే బీమా) ఉందేమో అడగండి, ఉంటే ఆ బంపర్ అందులోనే పోవచ్చు, మీ మధ్య గొడవే ఉండదు. మీ కుక్కకి బీమా ఉంటే అందులో ‘ఇతరులకు కలిగించిన నష్టం’ అన్న భాగం ఉందా చూడండి. రెండూ లేకపోతే, ఆయన వేగంగా వచ్చాడని మీరు రాయలేదు, ఆగాడు, దిగాడు, కాబట్టి వీడియోలో వేరేలా తేలకపోతే నా మాట: హెడ్‌లైట్ మీరు ఇవ్వండి, ఆపరేషన్ బిల్లు మీరే పెట్టుకోండి. బాధగానే ఉంటుంది. ఆ కోపం అంతా ఆ మనిషి మీద కాదు, ఆ గడియ మీదని మీకూ తెలుసు. గేటుకి దానంతట అదే మూసుకునే స్ప్రింగు పెట్టించండి, గడియ కుక్క ముక్కుతో తోస్తే లేచే రకం కాకుండా చూసుకోండి.

ప్రశ్న: నేను ఎవరికీ చెప్పుకోలేని విషయం ఇది. వారం కింద రాత్రి డ్యూటీ నుంచి వస్తుంటే కారు ముందుకి కుక్క వచ్చింది. బ్రేకు వేశాను, తగిలింది, దబ్‌మని శబ్దం వచ్చింది. అద్దంలో చూస్తే లేచి పక్క సందులోకి పరుగెత్తింది. లేచింది కదా, ఏం కాలేదులే అనుకున్నాను, ఎవరైనా వచ్చి కొడతారేమోనని భయం కూడా వేసింది, వెళ్లిపోయాను. నిన్న అదే దారిలో కరెంటు స్తంభానికి అంటించిన కాగితం చూశాను. ‘మా కుక్క తప్పిపోయింది’ అని ఫొటో, కింద ఫోన్ నంబరు. మెడలో ఎర్ర బెల్టు. ఆ రాత్రి నా లైట్ల వెలుగులో కనబడింది కూడా ఎర్ర బెల్టే. ఫోన్ చేయాలా? చేస్తే నా మెడకి చుట్టుకుంటుందా?

జవాబు: చేయండి. ఈ పేజీ చదవడం అయ్యాక కాదు, ఇప్పుడే. తర్వాత వచ్చి మిగతాది చదవండి.

ఎందుకు చేయాలో చెప్తాను. మీరు చూసిన ఆ సందు వాళ్లకి తెలీదు. వాళ్లు ఇంటి చుట్టూ వెతుకుతుంటారు, మీ దగ్గరేమో ‘ఫలానా రాత్రి ఇన్ని గంటలకి ఈ సందులోకి వెళ్లింది’ అన్న ఒక్క ముక్క ఉంది, వాళ్లకి లేనిదల్లా అదే. దెబ్బ తిన్న కుక్క చాలాసార్లు భయంతో దూరంగా పోయి చీకటి మూలలో, మెట్ల కిందో, పొదలోనో దాక్కుంటుంది, పిలిచినా పలకదు. వారం గడిచింది, నిజమే. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరక్కపోయినా రోజూ గుమ్మంలో నిలబడి ఎదురు చూడటం కన్నా తెలుసుకోవడం మేలు వాళ్లకి.

‘లేచి పరుగెత్తింది కాబట్టి ఏం కాలేదు’ అన్నది చాలామంది నమ్మే మాట, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నాను. ఆ పరుగు భయం చేయించేది. కాలు విరిగినా మూడు కాళ్ల మీద పరుగెత్తుతుంది. పైకి గీత కూడా లేకుండా లోపల ఊపిరితిత్తులు కమిలిపోయి ఉండొచ్చు, మూత్రాశయం చిట్లి ఉండొచ్చు, ఛాతీకి పొట్టకి మధ్య ఉండే పొర చిరిగి ఉండొచ్చు. ఊపిరితిత్తుల దెబ్బ అయితే మొదటి గంటలో తెలియకుండా ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. కారు తగిలిన కుక్క ఎంత హుషారుగా ఉన్నా డాక్టరుకి చూపించాలనేది అందుకే. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి: గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. తెల్లగా పాలిపోయి ఉంటే షాక్‌లోకి (ఒంట్లో రక్తప్రసరణ పడిపోయే స్థితిలోకి) వెళ్తోందని, ఇక ఫోన్లు, వాదనలు అన్నీ ఆపి బయల్దేరాలి.

ఇంకోసారి ఇలా జరక్కూడదు, కానీ మీకే కాదు, బండి నడిపే ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను. బండి పక్కకి ఆపి ఇండికేటర్లు వేయండి, ముందు వెనకా వచ్చే బళ్లు చూసుకోండి, కుక్కని కాపాడబోయి ఇంకో బండి కింద పడితే ఎవరికి లాభం? మూతి దగ్గరికి ఒట్టి చేయి పెట్టకండి, నొప్పిలో ఉన్న కుక్క పెంచినవాళ్లనే కరుస్తుంది, కోపంతో కాదు, నొప్పితో. మెత్తటి గుడ్డతో మూతి కట్టొచ్చు, ఊపిరి కష్టంగా ఉన్నా, వాంతి చేసుకుంటున్నా మాత్రం కట్టొద్దు. ఎత్తేటప్పుడు కాళ్లు పట్టి లేపకుండా బల్లచెక్క లాంటిదాని మీదకి జరిపి, అదీ లేకపోతే దుప్పటి గట్టిగా పట్టి, తీసుకెళ్లండి. మన మాత్రలు వేయకండి. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ కుక్కలకి హాని చేస్తాయి, జాలిపడి వేసిన మాత్రే ప్రాణం తీయొచ్చు.

మెడకి చుట్టుకుంటుందా అన్నారు. బ్రిటన్‌లో 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం ప్రకారం కుక్కని గుద్దితే ఆగి తీరాలి, అడిగినవాళ్లకి పేరు, అడ్రసు ఇవ్వాలి, ఇవ్వడం కుదరకపోతే ఎంత వీలైతే అంత త్వరగా, 24 గంటలు దాటకుండా పోలీసులకి చెప్పాలి. (ఆ జాబితాలో గుర్రం, గాడిద, గొర్రె, మేక, పంది అన్నీ ఉన్నాయి గానీ పిల్లి లేదు, పిల్లుల్ని పెంచేవాళ్లకి ఇప్పటికీ అదో కడుపుమంట.) అక్కడ కూడా గుద్దడం వేరు, ఆగకుండా పోవడం వేరు. మొదటిది ఎవరికైనా జరుగుతుంది, రెండోదే తప్పు. మీ విషయంలో నేనూ ఆ గీతే గీస్తాను. కుక్క హఠాత్తుగా వచ్చిందంటున్నారు, బ్రేకు వేశారు, ఆ దబ్‌మన్న శబ్దానికి మిమ్మల్ని ఏమీ అనను. ఆ తర్వాత అద్దంలో చూసి గేరు మార్చారే, దానికి మాత్రం జవాబు చెప్పుకోవాలి. జనం కొడతారన్న భయం అబద్ధం కాదు, అలాంటప్పుడు కాస్త ముందుకి పోయి వెలుతురున్న చోట ఆపి పోలీసులకి ఫోన్ చేయొచ్చు.

ఫోన్‌లో ఎక్కువ మాట్లాడకండి. ‘మీ కుక్క కావచ్చు, ఫలానా రాత్రి నా కారు తగిలింది, ఆ సందులోకి వెళ్లింది, ఆగకుండా వెళ్లడం నాదే తప్పు, వెతకడానికి నేనూ వస్తాను.’ అంతే. కుక్కని రోడ్డు మీద ఎందుకు వదిలారు అని మాత్రం అనొద్దు, ఆ ముక్క వాళ్లు ఈ వారంలో వందసార్లు అనుకుని ఉంటారు. తిడతారు, తిట్టనివ్వండి.

ప్రశ్న: పక్కింటివాళ్లు ఊరెళ్తూ కుక్కని మాకు అప్పగించారు. సాయంత్రం తిప్పుతుంటే ఎక్కడో టపాసు పేలినట్టు చప్పుడైంది, కుక్క వెనక్కి గుంజుకుంది, బెల్టు తల మీదుగా ఊడి నా చేతిలో ఉండిపోయింది. రోడ్డు దాటబోతూ కారు కింద పడి చనిపోయింది. వాళ్లు ఇప్పుడు కుక్క కొన్న ధర ఇమ్మంటున్నారు. నేను వదల్లేదండీ, గొలుసు నా చేతిలోనే ఉంది.

జవాబు: మీ చేతిలో ఉన్నంతసేపు బాధ్యత మీదే, అది కాదనలేం. కుక్క బెదిరి హఠాత్తుగా రోడ్డు మీదకి వెళ్లింది కాబట్టి, మీరు రాసినదాన్ని బట్టి డ్రైవర్‌ని ఇక్కడ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కానీ బాధ్యత అంటే ఏం జరిగినా డబ్బు కట్టడం కాదు, మామూలు మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకోవడం. మీరు గొలుసు విప్పి వదిలేసి ఫోన్ చూసుకోలేదు. మెడకి, బెల్టుకి మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలి, తల మీదుగా జారిపోయిందంటే అంతకన్నా వదులుగా ఉందన్నమాట. ఆ కొలత పెట్టిందెవరు? రోజూ వాళ్లు పెట్టి పంపిన బెల్టునే మీరు పట్టుకున్నారు. చప్పుళ్లకి బెదిరే కుక్క అని మీకు ముందే చెప్పారా? చెప్పి ఉంటే, చెప్పినా మీరు మెడ బెల్టుతోనే తీసుకెళ్లి ఉంటే కొంత మీ మీద పడుతుంది, అలాంటి కుక్కకి ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు వాడాలి. చెప్పకపోతే ధర మొత్తం ఇవ్వాల్సిన పని లేదని నేను అనుకుంటున్నాను. ఆ రోజు డాక్టరు దగ్గర ఏమైనా ఖర్చయి ఉంటే అది సగం పెట్టుకోండి, ఉపకారానికి వెళ్లి ఇరుక్కున్న మనిషి అంతకు మించి ఇవ్వక్కర్లేదు.

ఆ బెల్టు ఇంకా మీ దగ్గరే ఉంటే రంధ్రాలు మార్చకుండా అలాగే ఉంచండి, ఎన్నో రంధ్రంలో పెట్టి ఉందో వాళ్లకి చూపించాల్సి రావొచ్చు. కానీ మొదటిసారి వెళ్లినప్పుడే అది చేతిలో పట్టుకుని వెళ్లకండి.