ఆగితే తగ్గిపోయే నొప్పి గురించి మేనల్లుడికి

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకు నువ్వు పేరు ఇచ్చావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నా కళ్లు చెమర్చాయి. ఆయాసం వస్తుందని బడిలో ఆటల పోటీల రోజున వేపచెట్టు కింద కూర్చోబెడితే, తోటి పిల్లల చెప్పులకు కాపలా కాసినవాడివి నువ్వు. ఈనాడు 43 ఏళ్ల వయసులో, పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం చేసుకుంటూ, పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి దాకా పరుగెత్తడానికి తెల్లవారుజామున లేచి సాధన చేస్తున్నావంటే అది మామూలు పట్టుదల కాదు.

ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ ఇంకో మాట అన్నది. "ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉంటోందట వదినా, ఆగితే రెండు నిమిషాల్లో తగ్గిపోతోందట, గ్యాస్ అయివుంటుందిలే అంటున్నాడు." ఆ తరువాత నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావని తెలిసి, తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను. పైవాటా కుర్రవాడి చేత ఫోటో తీయించి నీకూ మీ ఆవిడకూ పంపిస్తాను. ఇద్దరూ చదవండి.

మంచి బూట్లు, సరిపడా నీళ్లు, ముందురోజు నిద్ర, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఆ "తగ్గిపోతోంది" అన్న మాట గురించే.

గుండెకు రక్తం తీసుకువెళ్లే నాళం కొవ్వు పేరుకుని సన్నబడినా, కూర్చున్నప్పుడు అందే రక్తం గుండెకు చాలుతుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, పరుగెత్తుతున్నప్పుడు గుండె ఇంకా ఎక్కువ రక్తం అడుగుతుంది, సన్నబడిన నాళం అంత ఇవ్వలేదు, అప్పుడు ఛాతీ పట్టేస్తుంది. ఆగగానే గుండె అడగడం తగ్గిస్తుంది కాబట్టి నొప్పి పోతుంది, నాళం మాత్రం అలాగే ఉంటుంది. దీన్నే డాక్టర్లు యాంజైనా అంటారు. నీది అదేనని ఇక్కడ కూర్చుని నేను తేల్చి చెప్పలేను, కానీ శ్రమతో వచ్చి విశ్రాంతితో పోయే నొప్పిని వేరే ఏదో అనుకునే ముందు గుండెదేనేమో అని చూసి తీరాలి. పైగా మీ నాన్నకు 52వ ఏట స్టెంట్ వేశారు. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని 55 ఏళ్ల లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే డాక్టర్లు దాన్ని ప్రత్యేకంగా రాసుకుంటారు. మన దేశంవాళ్లకు పాశ్చాత్యులకంటే దాదాపు పదేళ్లు ముందే ఈ జబ్బు వస్తుందన్నది కూడా అందరూ ఒప్పుకున్న విషయమే. ఇన్ని తెలిసి కూడా గ్యాస్ అని సరిపెట్టుకున్నావంటే నాకు కోపం రాదా?

ఆ కోపం నా మీద నాకున్నదే. ప్రభుత్వాసుపత్రిలో 31 ఏళ్లు పనిచేసి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసిన నేను, 2009లో మీ మామయ్య విషయంలో చేసిన పొరపాటు మీ నాన్నకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈరోజు నీకు చెబుతున్నాను.

మర్నాడు మా అమ్మాయి నిశ్చితార్థం. సాయంత్రం అయిదింటికి కూరగాయల సంచులు రెండో అంతస్తుకు మోసుకొచ్చిన మీ మామయ్య, ఛాతీ మీద పీట వేసుకుని ఎవరో కూర్చున్నట్టు ఉందని సోఫాలో కూలబడ్డారు. వెంటనే దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాను, అంతవరకు సరిగ్గానే చేశాను. అక్కడికి చేరేసరికి ఆయన నొప్పి పూర్తిగా తగ్గిపోయింది. ఈసీజీ బాగానే వచ్చింది, ట్రోపోనిన్ అనే రక్తపరీక్షలోనూ ఏమీ కనబడలేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మాత్రం, "మేడమ్, ఆరు గంటల తరువాత ఇంకోసారి రక్తం తీసి చూడాలి, ఈసీజీ కూడా మళ్లీ తీయాలి, ఈ రాత్రికి ఇక్కడే ఉంచండి" అన్నాడు. గుండె కండరం దెబ్బతిన్నా ట్రోపోనిన్ రక్తంలో కనబడడానికి కొన్ని గంటలు పడుతుందనీ, మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పడానికి వీల్లేదనీ నాకు చాలా ఏళ్లుగా తెలుసు. అయినా తెల్లవారి నాలుగింటికి వంటవాళ్లు వస్తారు, పెళ్లివారు తొమ్మిదింటికల్లా దిగుతారు, ఈయన ఆసుపత్రి మంచం మీద ఉన్నారని వాళ్లకు ఎలా చెప్పడం అన్న ఆలోచన ఒక్కటే నా బుర్రలో తిరిగింది. "నేనూ హెడ్ నర్సునే బాబూ, ఇంట్లో చూసుకుంటాను" అన్నాను. డాక్టరు వద్దన్నా వెళుతున్నామని రాయించుకునే కాగితాన్ని మేము వార్డులో లామా అంటాం. ఎంతోమంది బంధువుల చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ, మనసులో వాళ్లను తిట్టుకున్న నేను, ఆ రాత్రి నా చేత్తో సంతకం పెట్టాను.

ఈసీజీ కోసం రాసిన జెల్ ఇంకా ఛాతీ మీద ఉండగానే మీ మామయ్య హడావుడిగా చొక్కా తొడుక్కున్నారు. బొత్తాములు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంటే నేను నవ్వి సరిచేశాను. ఈసీజీ కాగితం నాలుగు మడతలు పెట్టి, పూలవాడి చీటీ పక్కన, సంచిలో పెట్టుకున్నాను. రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చి చూస్తే ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నారు. వీపు మీద చెయ్యి వేశాను. బనియను తడిసి ముద్దయింది, ఒళ్లు చల్లగా ఉంది. "మళ్లీ అదే నొప్పి, తగ్గిపోతుందిలే, నిన్ను లేపడం ఎందుకని" అన్నారు. ఎప్పటినుంచి అంటే పన్నెండున్నర నుంచి అన్నారు. రెండు గంటలు నాయనా. నా పక్కనే, నన్ను లేపకుండా.

మూసుకుపోయిన నాళాన్ని తెరిచారు, మనిషి దక్కారు. కానీ గుండె పంపింగ్, అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే వంతు, 30 శాతానికి పడిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవారికి అది 55 దాటి ఉంటుంది. మా మెట్ల మలుపులో, మొదటి అంతస్తు దగ్గర ఒక నీలం కుర్చీ ఉండేది, నీకు గుర్తుందా? వాచ్‌మన్ కోసం వేశారని అందరూ అనుకునేవారు. మీ మామయ్య ఊపిరి కూడదీసుకోవడానికి వేసిన కుర్చీ అది. ఆరేళ్లు ఆ కుర్చీలో ఆగి ఆగి పైకి వచ్చారు. నన్ను ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు.

ఛాతీలో నొప్పి అంటే ప్రతిసారీ గుండెపోటే అని నిన్ను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. భోజనం చేసి పడుకుంటే గొంతు దాకా మంట ఎగదన్నడం ఎక్కువగా కడుపులోని ఆమ్లం వల్ల వస్తుంది. వేలితో నొక్కిన చోట అదే నొప్పి పుడితే పక్కటెముకల దగ్గరి కండరమో మృదులాస్థో పట్టేసి ఉండవచ్చు. జ్వరం, దగ్గు ఉండి, గాలి లోపలికి పీల్చినప్పుడు పొడిచినట్టయితే ఊపిరితిత్తులను చూడాలి. ఒక పక్కన పట్టీలా మండి, కొన్ని రోజులకు పొక్కులు వస్తే అది సర్పి. పిత్తాశయంలో రాళ్లున్నా, తీవ్రమైన ఆందోళన కలిగినా ఛాతీలో నొప్పి రావచ్చు. ఇవన్నీ డాక్టరు చూసి తేల్చవలసినవి. యాంటాసిడ్ తాగితే తగ్గింది కాబట్టి గ్యాసే అని మనం తీర్పు చెప్పుకోకూడదు, ఎందుకంటే గుండెనొప్పి కూడా దానంతట అది కాసేపు తగ్గుతుంది. ఇక ఛాతీ నుంచి వీపులోకి చీల్చినట్టు హఠాత్తుగా వచ్చే నొప్పి, కాలు వాచి ఉండగా ఒక్కసారిగా వచ్చే ఆయాసం గుండెపోటు కాకపోయినా అంతే ప్రమాదకరం.

ఛాతీ నడుమ బరువుగా, నొక్కినట్టు, పిండినట్టు నొప్పి వచ్చి, విశ్రాంతి తీసుకున్నా కొద్ది నిమిషాల్లో పోకపోతే, లేదా పోయి మళ్లీ వస్తుంటే, లేదా చేతికి, దవడకు, మెడకు, వీపుకు పాకితే, చెమటలు, వాంతి, ఆయాసం, కళ్లు తిరగడం తోడైతే, ఇంకెవరినీ అడగకుండా 108కి ఫోను చెయ్యాలి. మీ నాన్నకు షుగరు ఉంది కాబట్టి ఆయన విషయంలో నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, చెమటలు వచ్చినా అంతే. ఆడవాళ్లలోనూ తరచుగా అలాగే కనబడుతుంది. మీ అమ్మ "నాకేం కాలేదు" అంటే వినవద్దు. స్వయంగా కారు నడుపుకుంటూ మాత్రం ఎవరూ వెళ్లకూడదు, దారిలో స్పృహ తప్పితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాములు నమిలి మింగమని 108 వారు చెప్పవచ్చు. పక్కింటివారు ఇచ్చిన సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోవద్దు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గితే చాలని ఫోన్లలో తిరిగే సందేశాన్ని నమ్మవద్దు.

మనిషి పడిపోయి పలకకపోతే, ఊపిరి మామూలుగా ఆడకపోతే, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్లు దిగేలా, అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూ ఉండాలి. ఇది మీ ఆవిడ నేర్చుకోవాలి. నేనే వచ్చి దిండు మీద చేయించి చూపిస్తాను.

డాక్టరు చూసి సరే అనేదాకా నువ్వు పరుగెత్తవద్దు, ఫ్లైఓవర్ వైపు వెళ్లవద్దు. ఈలోగా కూర్చుని ఉండగా ఆ పట్టేసినట్టు వచ్చినా, ఇదివరకటికంటే తక్కువ శ్రమకే వచ్చినా, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి బయలుదేరాలి. ఈసీజీ, ఎకో అనే గుండె స్కాన్, రక్తంలో కొలెస్ట్రాల్, షుగరు, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష లేదా నాళాల స్కాన్, వీటిలో ఏది ముందో డాక్టరు నిర్ణయిస్తారు. ఇంకోసారి రక్తం తీస్తామంటే తీయించుకో, ఈ రాత్రికి ఉండమంటే ఉండు, ఆఫీసులో ఎంత పని ఉన్నా సరే. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనవద్దు.

రేపు మనం డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. ఉదయం ఏడింటికి తార్నాకలో మెట్రో ఎక్కుతాను, హైటెక్ సిటీ స్టేషను దగ్గర నన్ను ఎక్కించుకో, కారు మీ ఆవిడను నడపమను. మీ నాన్న స్టెంట్ కాగితాలు తీసి పెట్టు. ముందు బొత్తాములున్న వదులు చొక్కా వేసుకో, టీషర్టు వద్దు. పరుగు కోసం కొన్న ఆ బూట్లు కూడా కారులో పెట్టుకో, డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయాలంటే అవే పనికొస్తాయి.

అత్తయ్య