క్యాప్ ఏ రకమో తర్వాత, లోపల పన్ను ఎంత మిగిలిందో ముందు

రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకు జిర్కోనియా (లోహం లేని తెల్లటి గట్టి సెరామిక్) క్యాప్ మంచిదా, మెటల్ సెరామిక్ (లోపల లోహం, పైన పింగాణీ) మంచిదా అని అడిగారు. అది తేల్చుకునే ముందు డాక్టరును ఇంకో మాట అడగండి: పుచ్చంతా తీసేశాక చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగులుతుంది? చుట్టూరా 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తున సొంత పన్ను ఉంటే, బండి చక్రానికి ఇనప పట్టాలా క్యాప్ దాన్ని బిగించి పట్టుకుంటుంది. అంత లేకపోతే నమిలే బరువంతా సిమెంటు మీద, లోపలి పోస్టు (వేరులోకి దించే సన్నటి కడ్డీ) మీద పడుతుంది. క్యాప్ మాటిమాటికీ ఊడుతుంది, లేదా వేరు నిలువునా చీలుతుంది. అలా చీలితే దాదాపుగా పన్ను తీసేయాల్సిందే. పోస్టు వేస్తే పన్ను గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పైన కట్టిన ఫిల్లింగ్‌కు ఆధారంగా నిలవడమే దాని పని.

రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకు చాలావరకు క్యాప్ అవసరమే. ముందు పన్నుకు వెనకవైపు చిన్న రంధ్రం తప్ప మిగతాది బాగుంటే ఫిల్లింగ్ సరిపోవచ్చు. రూట్ కెనాల్ చేయని పన్నుకు క్యాప్ అంటే మాత్రం తొందరపడకండి. అరగదీసింది తిరిగి రాదు, పైగా తర్వాత నరం దెబ్బతిని రూట్ కెనాల్ పడొచ్చు. ఆన్‌లేతో, అంటే పన్ను నమిలే పైభాగాన్ని మాత్రమే కప్పే అతుకుతో, సరిపోతుందేమో అడిగి తీరాలి.

ఇక రకం. మెటల్ సెరామిక్‌లో పై పింగాణీ పెచ్చు లేచే అవకాశం ఉంది. జిర్కోనియాలోనూ పైన పింగాణీ పూసిన రకానికి ఇదే బెడద, కాబట్టి దవడకు మొత్తం జిర్కోనియాతోనే చేసినది అడగండి. నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే ముందే చెప్పండి, నైట్ గార్డ్ (రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు) అవసరం పడొచ్చు. నికెల్ పడకపోతే అదీ చెప్పాలి, కొన్ని మెటల్ క్యాపుల్లో అది ఉంటుంది.

సిమెంటు పెట్టకముందే క్యాప్‌ను పన్ను మీద ఉంచి చూపించమనండి. పక్క పళ్ళ మధ్య ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే దారం) కాస్త బిగువుగా దిగాలి. వదులుగా ఉంటే తిన్నదల్లా అక్కడే ఇరుక్కుంటుంది. కొరికినప్పుడు ఆ పన్నే ముందుగా తగిలితే వెంటనే చెప్పండి. "నాలుగు రోజుల్లో అలవాటవుతుంది" అంటే ఒప్పుకోవద్దు, ఎత్తుగా ఉన్న క్యాప్ కింది పన్ను నొప్పి పెడుతుంది. మత్తు దిగాక తేడా తెలిసినా తిరిగి వెళ్ళి సరిచేయించుకోండి. జిర్కోనియాను అరగదీశాక నునుపుగా పాలిష్ చేయించాలి, గరుకుగా వదిలేస్తే ఎదుటి పన్నును అరగదీస్తుంది.

అసలు క్యాప్ వచ్చేదాకా పెట్టే టెంపరరీ క్యాప్ ఉన్నన్నాళ్ళూ ఫ్లాస్‌ను పైకి లాగకుండా పక్కకు లాగి తీయండి. అది ఊడితే ఇంట్లో ఉండే గమ్‌తో అంటించొద్దు. క్యాప్‌ను దాచి, ఒకటి రెండు రోజుల్లో చూపించండి, ఆలస్యమైతే పక్క పళ్ళు జరిగి కొత్త క్యాప్ కూర్చోదు.