సమాధానం: 'చకార'లో మొదటి 'క' మాత్రమే ఎందుకు మారింది?

'కృ' (చేయు) ధాతువుకు లిట్టులో, అంటే పరోక్ష భూతకాల రూపంలో, 'కకార' అని కాక 'చకార' అని ఎందుకు వస్తుందని, రెండుచోట్లా ఉన్నది అవర్ణమే అయినప్పుడు మొదటి 'క' ఒక్కటే మారడమేమిటని అడిగారు. అభ్యాసంలోని (ధాతువును రెండుసార్లు పలికినప్పుడు వచ్చే మొదటి భాగంలోని) కవర్గానికి చవర్గం వస్తుందని పాణిని 'కుహోశ్చుః' అనే సూత్రంలో విధించాడు గాని, కారణం కావాలంటే సంస్కృతానికీ ప్రాచీన ఇరానియన్ భాష అయిన అవెస్తాకూ ఉమ్మడి మూలమైన ఆది ఇండో-ఇరానియన్ దశకు వెళ్లాలి.

అంతకు పూర్వం ఆ మొదటి అచ్చు ఎకారం, రెండోది ఒకారం. ఎకారం ముందున్న 'క' తాలవ్యమై 'చ' అయింది, ఒకారం ముందున్నది అలాగే నిలిచింది. ఆ తరువాతే ఆ రెండు అచ్చులూ అవర్ణంలో కలిసిపోయాయి. ఈ వరుసే కీలకం, ఎందుకంటే అచ్చులు ముందే కలిసిపోయి ఉంటే హల్లులలో ఈ తేడా పుట్టేదే కాదు. లాటిన్‌లో 'క్వె', గ్రీకులో 'తె' అయిన సముచ్చయ పదం ('మరియు' అనే అర్థంలోది) సంస్కృతంలోనూ అవెస్తాలోనూ 'చ'గా కనిపించడం ఇందుకు బలమైన నిదర్శనం. 'హన్' (చంపు) ధాతువుకు లిట్టులో వచ్చే 'జఘాన' నాకు మరీ ముచ్చటగా తోస్తుంది: పాత ఎకారం ముందు 'జ', పాత ఒకారం ముందు 'ఘ', రెండూ ఒకే పదంలో పక్కపక్కన నిలిచాయి. (అభ్యాసంలో మహాప్రాణం (ఒత్తు పలుకుబడి) పోవడం వేరే నియమం.) 'ఘా'లోని దీర్ఘం కూడా ఆ ఒకారపు గుర్తేనని భాషాశాస్త్రవేత్త బ్రుగ్మాన్ పేరిట ఉన్న సూత్రం చెబుతుంది.

ఇక 'కుప్' (కోపించు) ధాతువు లిట్టు రూపమైన 'చుకోప'లో ఉకారం ముందు 'చ' ఎలా వచ్చిందంటే, అది ధ్వని మార్పు కాదు, 'చకార' వంటి రూపాల సాదృశ్యంతో (పోలికతో) వ్యాపించినది.