రివాల్వర్ లోపలి చిన్న భాగాన్ని అరగదీస్తే బిగించడం సులువవుతుందా?

మీ నాన్నగారి పేరు మీద లైసెన్స్ ఉన్న పాత పాయింట్ 32 రివాల్వర్‌ను శుభ్రం చేద్దామని పక్క మూత విప్పారు. ఇప్పుడు స్ప్రింగూ, దాన్ని ఆనుకుని ఉండే చిన్న లివరూ ఒకేసారి కూర్చోవడం లేదు. లివర్‌ను కాస్త అరగదీస్తే పని అవుతుందా అని అడిగారు. వద్దండీ. ఆకురాయి పక్కన పెట్టేయండి. నేను ఇదే తప్పు చేశాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లు డబ్బుతో రాత్రిపూట తిరగాల్సి వచ్చేదని మా బాపు ఎప్పుడో లైసెన్స్ తీసుకున్నారు. 2018 అక్టోబరులో అసెంబ్లీ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. ఎన్నికలప్పుడు ఆయుధం పోలీసుల దగ్గర డిపాజిట్ చేయమంటుంటారు. రెండు నెలలు వాడకుండా పడి ఉంటే తుప్పు పడుతుందేమో, నూనె పెట్టి ఇద్దామన్నారు బాపు. ఆయన ఎదురుగానే కూర్చుని, తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, మూత విప్పాను. విప్పడమే తరువాయి, స్ప్రింగ్ ఎగిరి గోనె సంచుల కింద పడింది. వెతకడానికే అరగంట పట్టింది. తిరిగి పెట్టబోతే, స్ప్రింగ్ నొక్కి పట్టుకుంటే లివర్ జారుతుంది, లివర్ సరిచేస్తే స్ప్రింగ్ తప్పుకుంటుంది. రెండు గంటలు అదే పని. చివరికి విసిగిపోయి లివర్ కొసను ఆకురాయితో రెండంటే రెండుసార్లు గీశాను. వెంటనే కూర్చుంది. ఎంత సంతోషపడ్డానో!

బాపు ఖాళీ రివాల్వర్ హ్యామర్‌ను, అంటే తూటాను కొట్టే సుత్తిలాంటి భాగాన్ని, మెల్లగా వెనక్కి లాగి చూశారు. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్‌లో ఐదు గదులు టక్‌మని ఆగాయి. ఆరోది పూర్తిగా తిరగకుండానే హ్యామర్ చివరిదాకా వచ్చేసింది. సిలిండర్ వేలితో కదిపితే కదులుతోంది. బాపు ముఖం చూసి నాకు భయమేసింది.

మర్నాడే ఇద్దరం నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లి, లైసెన్స్ ఉన్న ఒక రిపేరు షాపులో చూపించాం. అక్కడి ఉస్తాద్ పెద్దాయన, నలభై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నారట. మూత తీయకముందే "ఎవరో గీశారు" అన్నారు. మీరు అరగదీద్దామనుకుంటున్న ఆ లివర్‌ను 'హ్యాండ్' అంటారని ఆయనే చెప్పారు. ట్రిగ్గర్ లేదా హ్యామర్ కదిలినప్పుడు సిలిండర్ వెనకాల ఉండే పళ్లచక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున నెట్టేది అదే. అది నెట్టాక సిలిండర్‌ను కదలకుండా పట్టుకునేది స్టాప్. హ్యాండ్ వెంట్రుకవాసి పొట్టిదైనా గది గొట్టానికి ఎదురుగా రాదు. అప్పుడు పేలిస్తే తూటా సీసం గొట్టం అంచుకు గీసుకుని పక్కలకు చిమ్ముతుంది. పేల్చేవాళ్ల మీదా, పక్కనున్నవాళ్ల మీదా పడుతుంది. దీన్నే టైమింగ్ పోవడం అంటారు. హ్యామర్‌ను నెట్టే స్ప్రింగ్ చుట్టలు కత్తిరించినా చిక్కే: హ్యామర్ దెబ్బ బలం తగ్గి తూటా పేలకుండా ఆగిపోవచ్చు. అరిగిన ఇనుమును తిరిగి అతికించలేం. నా గీతలకు కొత్త హ్యాండ్ తెప్పించి, మాది చూసి సరిపెట్టాల్సి వచ్చింది.

మరి ఆయన ఎలా బిగించారంటే, అది చూసి నాకు సిగ్గేసింది. మూత ఊడదీయడానికి స్క్రూడ్రైవర్‌తో పెకలించలేదు. మరలు తీసి ఫ్రేమ్‌ను చెక్క పిడితో చిన్నగా కొడితే మూత దానంతటదే పైకి లేచింది. స్ప్రింగ్‌కు కాస్త గ్రీజు రాసి గాడిలో అంటించారు. తర్వాత సగం పొడవున్న ఒక డమ్మీ పిన్‌తో హ్యాండ్‌నూ స్ప్రింగ్‌నూ కలిపి పట్టి, ఆ రెంటినీ పట్టి ఉంచే అసలు పిన్‌ను మరో వైపు నుంచి తోస్తే డమ్మీ బయటికి వచ్చేసింది. రెండు నిమిషాల్లో అయిపోయింది. మార్పు చేసింది ఒక్కటే: అసలు పిన్ కొస అంచును కొద్దిగా గుండ్రం చేశారు. ఆ అంచు మీద బరువు పడదు కాబట్టి చేయొచ్చట, పని చేసే అంచుల జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్లకూడదట.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఆయుధాల చట్టం 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మార్చే పనికీ, రిపేరు చేసే పనికీ విడిగా లైసెన్స్ ఉండాలి. మన దగ్గరున్నది ఉంచుకునే లైసెన్స్ మాత్రమే. నాకు అప్పుడు ఇది తెలియదు. మీకు తెలిసింది కాబట్టి ఆగండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. విప్పిన భాగాలన్నీ ఒక డబ్బాలో వేసి, ఒక్కటీ పోకుండా లెక్క రాసుకోండి. నాన్నగారే షాపుకు రాగలిగితే మేలు. రాలేకపోతే, రిపేరుకు మీరు తీసుకెళ్లడానికి చట్టం 3వ సెక్షన్ ఒప్పుకుంటుంది, కానీ ఆయన రాతపూర్వక అనుమతి మీ చేతిలో ఉండాలి. అందులో లైసెన్స్ నంబరు, ఆయుధం మీది నంబరు రాయించండి. అసలు లైసెన్స్ కూడా పట్టుకెళ్లండి. తూటాలు ఇంట్లోనే తాళం వేసి ఉంచండి.

ఇక మీదట ఇంట్లో శుభ్రం చేయాలంటే గొట్టం, ఆరు గదులు, సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య పేరుకున్న మసి, ఇంతవరకు చాలు. బ్రష్, గుడ్డ, రెండు చుక్కల గన్ ఆయిల్. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి లోపల జిడ్డుకడుతుంది. పక్క మూత మేం ఆ తర్వాత ఎప్పుడూ విప్పలేదు. ఏడాదికోసారి ఉస్తాద్ దగ్గరికే తీసుకెళ్తున్నాం.