ఎంత వేగం, ఎవరి భద్రత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

హైదరాబాద్ నెహ్రూ ఔటర్ రింగు రోడ్డు మీద కార్ల గరిష్ఠ వేగాన్ని 2023లో గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పెంచినప్పటి నుంచి ఈ శీర్షికకు వేగం గురించిన ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. పెంచింది చాలదనే వారూ ఉన్నారు, పెంచడమే తప్పనే వారూ ఉన్నారు. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను రోజూ తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, శంషాబాద్ వైపు నుంచి ఔటర్ మీదుగా ఆఫీసుకు వస్తాను. నా కారుకు భద్రతా పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి, ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, ఇన్నేళ్లలో నా వల్ల ఒక్క ప్రమాదం జరగలేదు. ఆ వేళ రోడ్డు ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు 140లో వెళితే వచ్చే నష్టమేమిటి? జర్మనీలో అసలు పరిమితే లేదు కదా?
– గచ్చిబౌలి పాఠకుడు

జవాబు: మీరు బండి బాగా నడుపుతారన్న మాటను నేను కాదనను. అయితే ఆ అయిదు నక్షత్రాలు ఏ వేగంలో వచ్చాయో ముందు చూడాలి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో అమలులో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కారును ముందు నుంచి అడ్డుకు గుద్దించే వేగం గంటకు 64 కిలోమీటర్లు మాత్రమే. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది కనుక, 140లో పోతున్న కారులో ఉండే శక్తి ఆ పరీక్షలో ఉన్నదానికి దాదాపు అయిదు రెట్లు. ఆ అదనపు శక్తిని తట్టుకుంటుందని మీ కారుకు ఏ పరీక్షా పూచీ ఇవ్వలేదు.

ఇక ఆగే దూరం సంగతి. ఎదురుగా ఏదో ఉందని గమనించి బ్రేకు మీద కాలు వేసేసరికి మామూలు మనిషికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు, మంచి టైర్లు, బ్రేకు పూర్తిగా పట్టిందనుకుందాం. అప్పుడు 120లో వస్తున్న కారు ఆగడానికి సుమారు 130 మీటర్లు కావాలి. 140లో వస్తున్న కారుకు 165 మీటర్లు దాటుతుంది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రెండు కార్లూ ఒకే చోట అడ్డును గమనిస్తే, 120 కారు పూర్తిగా ఆగిపోయిన చోట 140 కారు ఇంకా గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతూ ఉంటుంది. తేడా 20 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది కానీ, ఆ అడ్డు, వెనుక దీపాలు లేకుండా నిలిపిన లారీ అయితే, ఒక కారు దాని ముందు ఆగుతుంది, రెండోది దాని కిందికి దూసుకుపోతుంది. డిమ్ లైట్ల వెలుగులో రోడ్డు స్పష్టంగా కనిపించేది 50, 60 మీటర్ల దాకానే కనుక, చీకట్లో రోడ్డు ఖాళీగా ఉందని మీరు అనుకోవడం కూడా మీ దీపాల వెలుగు పడినంత మేరకే నిజం.

దీనివల్ల మీకు మిగిలేదేమిటో కూడా లెక్క వేసి చూడండి. పాతిక కిలోమీటర్ల దూరానికి 120లో పన్నెండున్నర నిమిషాలు పడుతుంది, 140లో పదకొండు నిమిషాలకు కాస్త తక్కువ. ఆదా అయ్యేది రెండు నిమిషాల లోపే.

జర్మనీ ఉదాహరణను మన వాళ్లు తరచుగా సగమే చెబుతారు. అక్కడి ఆటోబాన్‌లలో చాలా భాగానికి పరిమితి లేని మాట నిజమే అయినా, 130 మించవద్దన్న ప్రభుత్వ సిఫారసు 1970ల నుంచి ఉంది. దాన్ని మించి వెళ్లి ప్రమాదంలో చిక్కుకున్న వారి మీద, తప్పు అవతలి వారిదే అయినా, న్యాయస్థానం నష్టంలో కొంత వాటా వేయవచ్చు. లైసెన్సు కావాలంటే ఆటోబాన్ మీద, రాత్రి వేళ నడపడం ప్రత్యేక పాఠాలుగా తప్పనిసరిగా నేర్చుకోవాలి. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనుక, కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయడం నిషేధం. ఆ దేశంలోనే ఊళ్లలో పరిమితి 50, ఇళ్ల మధ్య చాలా వీధుల్లో 30. అంటే జర్మనీ కూడా వేగాన్ని కారును బట్టి ఇవ్వలేదు. ఆ రోడ్డు మీదికి ఎవరెవరు రాగలరో చూసి ఇచ్చింది. మన ఔటర్ మీద 120కి నేను అభ్యంతరం చెప్పకపోవడానికి కారణం కూడా అదే: పాదచారులకు, ద్విచక్ర వాహనాలకు అక్కడ ప్రవేశం లేదు, ఎదురుగా వచ్చే వాహనం ఉండదు, భారీ వాహనాలకు 80 పరిమితితో ఎడమ వైపు లేన్లు వేరుగా కేటాయించారు. ఆ ఏర్పాట్లు సరిగా అమలైనంత వరకే ఆ 120కి అర్థం ఉంది.

ప్రశ్న: మా ఊరు విజయవాడ జాతీయ రహదారి పక్కన ఉంది. పొలాలు అవతలి వైపు, బడి ఇవతలి వైపు. కార్లు ఊరి ముందు కూడా 100కి తగ్గవు. వేగం పెంచాలా వద్దా అని పట్నం వాళ్లు వాదించుకుంటారు, మమ్మల్ని ఎవరు అడిగారు?
– చౌటుప్పల్ మండలం నుంచి ఒక రైతు

జవాబు: మీరు అడిగిన మాటే ఈ చర్చకంతటికీ మొదటి ప్రశ్న కావలసింది. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. అందులో 32,825 మంది నడిచి వెళ్లే వారు. ద్విచక్ర వాహనాల మీద వెళ్లే వారు దాదాపు 75,000 మంది. మొత్తం రోడ్ల పొడవులో రెండు శాతం మాత్రమే ఉండే జాతీయ రహదారుల మీదే మూడో వంతుకు పైగా మరణాలు సంభవించాయి. నాలుగు గోడల మధ్య, బెల్టు పెట్టుకుని కూర్చున్న వారు వేగం గురించి వాదిస్తుంటే, దాని ఫలితాన్ని ఎక్కువగా అనుభవిస్తున్నది చుట్టూ ఏ రక్షణా లేని వారు. కారు తగిలే వేగం 50 నుంచి 65కి పెరిగితే నడిచే మనిషి చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఊరి ముందు 100 అంటే ఇక ఆ మనిషి బతికే ఆశ దాదాపు లేనట్టే.

2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు 120, డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్ల మీద 100 గరిష్ఠ వేగంగా ప్రకటించింది. ఒక ప్రమాద బాధితురాలి నష్టపరిహారం కేసు విచారిస్తూ మద్రాసు హైకోర్టు 2021లో ఆ ప్రకటనను కొట్టివేసింది. రోడ్లు బాగుపడ్డాయి కనుక వేగం పెంచవచ్చన్న వాదన, ఆ రోడ్డును దాటి పొలానికి పోవలసిన మనిషిని లెక్కలోకి తీసుకోలేదని నాకు అనిపిస్తుంది.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షను కింద, ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డు మీద, ఫలానా చోట ఇంతకంటే తక్కువ వేగంతోనే వెళ్లాలని నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి గ్రామ పంచాయతీ తీర్మానం జతచేసి రాయండి. ఊళ్లో జరిగిన ప్రమాదాల తేదీలు, ఎఫ్ఐఆర్ నంబర్లు అందులో ఉంటే అది ఉత్త ఫిర్యాదుగా మిగిలిపోదు. బోర్డు ఒక్కటే అడగకండి. అండర్‌పాస్, తెగిపోకుండా సాగే సర్వీసు రోడ్డు, దాటే చోట దీపాలు అడగండి. నమూనాకు లోబడి రోడ్డు కట్టకపోవడం వల్ల ప్రాణం పోతే గుత్తేదారుకు, సంబంధిత అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా వేయడానికి 2019 సవరణలో 198ఎ సెక్షను చేర్చారు. దాన్ని వాడుకోవాలంటే మొదట ఆ లోపాన్ని ఎవరో ఒకరు రాతపూర్వకంగా ఎత్తిచూపి ఉండాలి.

బెంగళూరు–మైసూరు రహదారి అనుభవం మీకు పనికివస్తుంది. 2023 మార్చిలో ప్రారంభమైన ఆ రోడ్డు మీద కొద్ది నెలల్లోనే మరణాలు ఎంతగా పెరిగాయంటే, ఆగస్టు 1 నుంచి ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను, ఆటోలను, ట్రాక్టర్లను రానివ్వడం మానేశారు. 100 దాటిన వారిని కెమెరాలతో పట్టుకోవడం మొదలుపెట్టారు. మరణాలు తగ్గాయి. అయితే ట్రాక్టరును రావద్దన్న వారు దానికి వేరే దారి చూపించి తీరాలి, లేకపోతే ఆ భద్రత సగం మందికే.

ప్రశ్న: నిజానికి ప్రమాదాలకు కారణం వేగం కాదు, వేగాల మధ్య తేడా. కుడి లేనులో 50లో పోయే వాళ్లను ఎవరూ పట్టుకోరు. దీని మీద అమెరికాలో పరిశోధన కూడా ఉందని చదివాను.
– విజయవాడ పాఠకుడు

జవాబు: మీరు చదివినది 1964 నాటి డేవిడ్ సోలమన్ అధ్యయనం. సగటు కంటే బాగా వేగంగా వెళ్లే వారితో పాటు బాగా నెమ్మదిగా వెళ్లే వారు కూడా ఎక్కువ ప్రమాదాలలో ఉన్నారని ఆయన గీసిన వంపు చూపింది. అయితే పక్కకు తిరగడానికో, ఆగడానికో వేగం తగ్గించిన వాహనాలు కూడా ఆ లెక్కలో ‘నెమ్మదిగా వెళ్లే వారి’ కింద చేరాయని తరువాతి పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. 60 పరిమితి ఉన్న రోడ్ల మీద ఆస్ట్రేలియాలోని అడిలైడ్ పరిశోధకులు 1997లో జరిపిన అధ్యయనంలో, 60 దాటాక ప్రతి 5 కిలోమీటర్లకూ మనుషులు గాయపడే ప్రమాదంలో చిక్కుకునే అవకాశం రెట్టింపైంది; నెమ్మదిగా వెళ్లిన వారికి అలాంటి పెరుగుదల కనిపించలేదు.

మీ మాటలో న్యాయం లేకపోలేదు. కుడి లేనును పట్టుకుని వదలని లారీ వల్ల వెనుక వారు ఎడమ నుంచి దూరవలసి వస్తుంది, అది ప్రమాదమే, దాని మీద చర్య ఉండాలి. కానీ వేగాల తేడాను తగ్గించడానికి రెండు దారులున్నాయి: ట్రాక్టరును 100లో నడిపించడం, లేదా కారును తగ్గించడం. మొదటిది సాధ్యం కాదు.

మంత్రిత్వ శాఖ లెక్కల్లో 2022 మరణాలలో 71 శాతానికి కారణం అతివేగమని ఉంటుంది. ఆ అంకెను నేను యథాతథంగా నమ్మమని చెప్పను, ఎందుకంటే మన దగ్గర దర్యాప్తు లోతుగా జరగని చోట్ల కారణం గడిలో ‘అతివేగం’ అని రాసి ముగించడం తేలిక. రోడ్డు లోపం అలా మరుగున పడిపోతుంది. అయినా సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాలు నాలుగు శాతం దాకా పెరుగుతాయన్న సంబంధం అనేక దేశాల అనుభవం నుంచి తేలినది. దానికి మన ఎఫ్ఐఆర్‌లతో పని లేదు.

ప్రశ్న: స్పీడు గన్ పెట్టి చెట్టు చాటున నిలబడటం భద్రతా, వసూలా?
– కర్నూలు పాఠకురాలు

జవాబు: చాటున నిలబడటం సరికాదు. 2021లో చేర్చిన 167ఎ నియమం ప్రకారం ఎలక్ట్రానిక్ నిఘా ఉన్న దారికి ముందే హెచ్చరిక బోర్డు స్పష్టంగా ఉండాలి, నోటీసు 15 రోజుల్లో పంపాలి. లేకపోతే మీరు అభ్యంతరం చెప్పవచ్చు. ఒక్క చోట గన్ పెడితే అక్కడ మాత్రమే బ్రేకు వేసి ఆ తర్వాత తొక్కుతారు. రెండు బిందువుల మధ్య పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కగట్టే పద్ధతి ఇంతకంటే న్యాయమైనదని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ పాసైతే పెద్ద బైకు కొనిస్తానని వాళ్ల నాన్న మాట ఇచ్చారు. నేను వద్దంటే ఇంట్లో గొడవ. ఏం చెప్పాలి?
– హనుమకొండ నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ భయం అనవసరమైనది కాదు. పద్దెనిమిది నిండని వారికి గేరు బండి లైసెన్సు రాదు. మైనరు నడుపుతూ దొరికితే 199ఎ సెక్షను కింద తండ్రికో సంరక్షకునికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి; బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది; అబ్బాయికి 25 ఏళ్లు వచ్చే దాకా లైసెన్సు ఇవ్వరు. ఈ సంగతి వాళ్ల నాన్నగారికి కోపం లేని సమయం చూసి చెప్పండి. మాట వెనక్కి తీసుకోమని అడిగితే పట్టుదల పెరుగుతుంది. లైసెన్సు వచ్చాక చిన్న ఇంజను బండితో ఏడాది నడిపిన తర్వాత పెద్దది చూద్దామని అడిగితే ఒప్పుకునే వీలుంది. ఏ బండైనా ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్, క్లిప్పు బిగించి పెట్టుకోవాలి. 2022లో చనిపోయిన వారిలో 50,029 మందికి తలమీద హెల్మెట్ లేదు.

ప్రశ్న: మేము ఆస్టిన్‌లో ఉంటాం. ఇక్కడి 130 నంబరు టోల్ రోడ్డు మీద గంటకు 85 మైళ్ల దాకా అనుమతి ఉంది, భయం అనిపించదు. సెలవులకు వచ్చినప్పుడు శంషాబాద్ నుంచి గుంటూరుకు మేమే కారు నడుపుకుంటూ వెళదామనుకుంటున్నాము. జాగ్రత్తలు చెప్పగలరా?
– టెక్సాస్ నుంచి ఒక దంపతులు

జవాబు: ఆ 85 మైళ్లు, అంటే సుమారు 137 కిలోమీటర్లు, అమెరికా మొత్తంలోనే అత్యధిక పరిమితి. భయం అనిపించకపోవడం రోడ్డు నిర్మాణం చలవ. అయినా 1993 నుంచి 2017 వరకు అక్కడి రాష్ట్రాలు పరిమితులు పెంచుతూ పోవడం వల్ల దాదాపు 37,000 అదనపు మరణాలు సంభవించాయని అమెరికా హైవే భద్రతా బీమా సంస్థ అంచనా వేసింది.

ఇక్కడ స్టీరింగు కుడివైపు, నడక ఎడమవైపు. దానికంటే ముఖ్యంగా, మన రహదారి మీద ఎదురు దిశలో వచ్చే బైకు, డివైడరు సందులోంచి దాటే పశువు, ఆరబోసిన ధాన్యం ఎప్పుడైనా ఎదురుకావచ్చు. అక్కడ అలవాటైన వేగంలో మీ కన్ను వీటి కోసం వెతకదు. మొదటి రోజులు ఊరి చుట్టుపక్కల పగటిపూట నడిపి అలవాటు పడండి. రహదారి మీద 80 దాటకండి. వెనుక సీటులోని పెద్దవారితో కూడా బెల్టు పెట్టించండి. అంత దూరం ప్రయాణించి దిగిన మనిషికి ఒకటిన్నర సెకనులో బ్రేకు పడుతుందన్న లెక్క వర్తించదు కనుక, విమానం దిగిన రాత్రే బయలుదేరవద్దు. హైదరాబాద్‌లో ఆగి, నిద్రపోయి, మర్నాడు వెలుగు వచ్చాక బయలుదేరండి. మిమ్మల్ని తీసుకువెళ్లడానికి గుంటూరు నుంచి బండి వస్తున్నా ఇదే మాట, రాత్రంతా నడుపుకుంటూ వచ్చిన ఆ డ్రైవరుకు కూడా గది తీసుకోండి.