మగ్గం దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫ్రెంచి ఆధ్యాత్మిక రచయిత రెనే గెనోన్ పుస్తకం ఒకటి కొన్నావనీ, ఇరవై పేజీలు దాటలేక దిగులు పడుతున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. నువ్వు కొన్నది ‘ది రెయిన్ ఆఫ్ క్వాంటిటీ’ అని విన్నాక నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. అది 1945లో అచ్చయింది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా తాను చెప్పినదంతా చదివినవాళ్ల కోసం రాసిన పుస్తకం. నేనూ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఆ పుస్తకంతోనే మొదలుపెట్టి, మూడు నెలలు కుస్తీ పట్టి, అటకెక్కించాను. మళ్లీ ఆరేళ్ల దాకా ఆయన జోలికి పోలేదు. ఆ ఆరేళ్లు నీకు పోకూడదు.

దాన్ని మూసి పక్కన పెట్టు. ఈ ఉత్తరంతో పాటు నా దగ్గరున్న ‘సింబాలిజం ఆఫ్ ది క్రాస్’ పంపుతున్నాను. 1931 నాటి పుస్తకం. మొదటి పేజీ తెరవకు, నేరుగా 14వ అధ్యాయానికి వెళ్లు. అది బట్ట నేయడం గురించి.

ఆ అధ్యాయం చదివిన రోజు నాకింకా గుర్తుంది. మగ్గం మీది నిలువు పోగు పడుగు అంటే శ్రుతి, అనగా వేదం అనీ, అడ్డపోగు పేక అంటే దాన్ని అనుసరించి వచ్చిన స్మృతి అనీ అంటాడాయన. సూత్రం అనే మాటకు దారమనే అర్థం ఉందని గుర్తుచేస్తాడు. ఎక్కడో ఫ్రాన్స్‌లో పుట్టిన మనిషికి మా అమ్మ గుంట మగ్గం ఎలా తెలిసిందా అనిపించింది. అమ్మ అచ్చు అతికేటప్పుడు పక్కన కూర్చునేవాణ్ణి. పాత పడుగు కొసకు కొత్త పోగు చేర్చి, వేళ్లకు బూడిద రాసుకుని మెలివేసేది. వందల పోగులు, ఒక్కటి తప్పినా బట్టలో గీత పడుతుంది. పడుగు బిగించి ఉంటుంది, పేక పోగును మోసే నాడె మాత్రం అటూ ఇటూ పరుగెడుతుంది. గెనోన్ లెక్కలో ఆ నిలువు పోగు ఒక స్థితిని మరో స్థితితో కలిపే ఆత్మ, అడ్డపోగు ఒక్కో స్థితిలో జరిగే బతుకు. బృహదారణ్యకంలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి అడిగింది కూడా ఇదే కదా, ఇదంతా దేనిలో పడుగూ పేకలుగా అల్లుకుని ఉందని. పుట్టపాకలో మీ పెద్దమ్మ ఇంట్లో మగ్గం ఇంకా ఆడుతోంది. అధ్యాయం చదివి, ఒక పూట ఆ మగ్గం పక్కన కూర్చో. మళ్లీ చదువు.

ఆ తర్వాత వేదాంతం మీద 1925లో వచ్చిన పుస్తకం, ‘మ్యాన్ అండ్ హిజ్ బికమింగ్’. పక్కన మాండూక్యోపనిషత్తు పెట్టుకో. పన్నెండే మంత్రాలు. మెలకువలో వైశ్వానరుడు, కలలో తైజసుడు, గాఢనిద్రలో ప్రాజ్ఞుడు, ఆపైన నాలుగోదైన తురీయం అన్న వరుసనే ఆయన అనుసరిస్తాడు. మనకు ఇంట్లో వినిపించే మాటలు ఇంగ్లీషులో వేషం మార్చుకుని వస్తాయి కాబట్టి తికమక పడతాం. ‘ఇంటలెక్ట్’ అని కనబడితే తెలివితేటలనుకోకు, అది బుద్ధి తత్త్వం; తర్కించేది మనస్సు. ‘ఇన్‌ఫినిట్’, ‘ఇన్‌డెఫినిట్’ ఒకటే అనుకుంటే పుస్తకమంతా తలకిందులవుతుంది. గణితం చదివినవాడు కనుక ఆయన దగ్గర అది గట్టి పట్టింపు. ఒకటి, రెండు, మూడు అంటూ పోయే అంకెలకు అంతు చిక్కదు, అంతమాత్రాన అవి అనంతం (ఇన్‌ఫినిట్) కావు, ఇన్‌డెఫినిట్ మాత్రమే. ఒక్కో పేరానూ తెలుగులో రాసి చూడు. రోజుకు రెండు పేజీలు చాలు.

మనిషి గురించి కొంచెం. 1886లో ఫ్రాన్స్‌లోని బ్లోవాలో పుట్టాడు. 1930లో కైరో వెళ్లి, అబ్దుల్ వాహిద్ యహ్యా అన్న పేరుతో ముస్లింగా జీవించి, 1951లో అక్కడే కన్నుమూశాడు. మన దేశానికి ఎన్నడూ రాలేదు. ఆయన ‘సంప్రదాయం’ అంటే మనం పండగలకు పాటించే ఆచారం కాదు. గురువు నుంచి శిష్యుడికి అందుతూ వచ్చిన మూలజ్ఞానం. దీక్ష లేనిదే ఆ జ్ఞానం పండదని కచ్చితంగా చెబుతాడు. మా తాత అచల సిద్ధాంతం బోధించే గురువు దగ్గర ఉపదేశం తీసుకుని రాత్రిళ్లు తంబుర మీద తత్వాలు పాడేవాడు. గెనోన్‌ను చదివాకే ఆ ఉపదేశానికి ఆయన ఎందుకంత విలువిచ్చాడో నాకు అర్థమైంది.

చెప్పినదానికల్లా తలూపకు. బౌద్ధాన్ని మొదట్లో తక్కువ చేసి రాశాడు. కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి వంటివారు చెప్పాక తర్వాతి ముద్రణల్లో సరిదిద్దుకున్నాడు. ఫణిగిరిలోని బౌద్ధ స్తూపం చూసిన మనకు ఆ దిద్దుబాటు చిన్న సంగతి కాదు. వర్ణవ్యవస్థను సమర్థించిన చోట మాత్రం నాకు ఆయనతో పేచీ ఉంది. కులం పేరిట మనుషుల్ని గడప బయట నిలబెట్టిన ఊళ్లో పుట్టాను, ఆ వాదన ఒప్పుకోలేను. ఆ పేజీల పక్కన పెన్సిలుతో నా అభ్యంతరం రాసి ఉంటుంది, చూడు. ఇటలీ రచయిత ఎవోలా పుస్తకం ఎవరైనా నీ చేతిలో పెడితే ఇప్పుడే తీసుకోకు. ఆయన ఈ ఆలోచనను ఫాసిస్టు రాజకీయం వైపు లాగాడు. తేడా పట్టుకునే సత్తా నీకు వచ్చాక చదవవచ్చు.

పుస్తకాన్ని రేపు నల్గొండ బస్టాండులో కార్గోలో వేస్తాను. 14వ అధ్యాయం దగ్గర గుర్తుగా పడుగు పోగు పెట్టాను. మాండూక్యం తెలుగు తాత్పర్యంతో నీ దగ్గర ఉందో లేదో ఈ రాత్రే ఫోను చేసి చెప్పు. లేకపోతే అది కూడా అదే కట్టలో పెడతాను.

మీ మామయ్య